ఎడమ కాలి సంగతి

సత్తెమ్మ పదకొండో బిందె మొక్క మొదట్లో వంచేసరికి గుట్టల మీదికి ఎండ పాకింది. గోపన్‌పల్లి దగ్గర కొత్తగా కడుతున్న యూనివర్సిటీ బాట పక్కన వరసగా నాటిన మొక్కలకు నీళ్లు పోయడం ఆమె పని. కుడి రొమ్ము తీసేసి ఐదు నెలలైంది. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. అందుకని బిందెను ఎడమ చంకకే ఎత్తుకుంటుంది. ఆ రోజు దవాఖాన రోజు. పన్నెండో బిందె కూడా పోసి, చెంగుతో కాళ్లు తుడుచుకుని, మేస్త్రీ రామన్నకు చెప్పి బస్సెక్కింది.

కొండాపూర్‌లో సుబ్బలక్ష్మి ఎక్కింది. వెనకే ఆమె భర్త చలపతిరావు. కోస్తా నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాడు. అతను చేతిరుమాలుతో సీటు దులిపి భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. సత్తెమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. తనకూ సుబ్బలక్ష్మికీ ఒకే వారంలో ఆపరేషన్ అయింది, పక్కపక్క మంచాలు. అతను రోజూ సాయంత్రం ఫ్లాస్కుతో పాలు తెచ్చేవాడు. సత్తెమ్మ మంచం దగ్గరికి ఎవరూ రాలేదు. పురిట్లోనే బిడ్డ పోయిన ఏడాదికి మొగుడు రాజయ్య ఇంకొకతెను తెచ్చుకుని శంకరపల్లి వెళ్లిపోయాడు. ఏమీ తోచక, పక్క మంచం మీది మనిషికి తన కథంతా చెప్పుకుంది.

డాక్టర్ భ్రమరాంబ ఇద్దర్నీ కలిపే పిలిచింది. బల్ల మీద చిన్న సీసా ఉంది.

"బొంబాయి నుంచి కొత్తగా వచ్చిన మాత్రలు. ఆడవాళ్ల ఒంట్లో ఊరే హార్మోనే ఈ జబ్బుకు మేత. ఆ మేత అందకుండా ఇది అడ్డం పడుతుంది. కానీ అందరికీ పడదు. అడిగినదానికి నిజం చెప్పాలి."

ముందు సుబ్బలక్ష్మిని అడిగింది. జవాబులన్నీ చలపతిరావే చెప్పాడు. "ఆఖరిసారి ముట్టు మే పన్నెండునండి. గర్భం లేదండి, పరీక్ష చేయించాం. కాళ్ల వాపు ఎప్పుడూ రాలేదండి. చూపు బాగానే ఉంది. రక్తం పల్చబడే మందులేవీ వాడటం లేదండి."

మగవాడు పెళ్లాం ముట్టు తేదీ గుర్తుపెట్టుకుంటాడా! సత్తెమ్మ ఆ మనిషి నోటివంకే చూస్తూ ఉండిపోయింది. తన ఒంటి సంగతి తనకు తప్ప లోకంలో ఎవరికీ అక్కర్లేదు.

"సత్తెమ్మా, నీ సంగతేంటి? కాలు వాచి, రక్తం గడ్డకట్టడం ఎప్పుడైనా అయిందా?"

"లేదు డాక్టరమ్మా. నా కాళ్లకేమైతది? దినాం బిందెలు మోస్త."

సుబ్బలక్ష్మి మెల్లగా అంది: "పురుడప్పుడు నీ ఎడమ కాలు వాచింది కదా, సత్తెమ్మా? రక్తం గడ్డకట్టిందని నెల్లాళ్లు ఆసుపత్రిలో ఉంచారని నువ్వే చెప్పావు."

డాక్టర్ కలం పక్కన పెట్టి చీర ఎత్తించి చూసింది. ఎడమ పిక్క నల్లబడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచింది.

"ఇది మింగితే మళ్లీ గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే మనిషి దక్కదు. నీకు వేరే దారి చూస్తాను. నెలనెలా రా."

వరండాలోకి రాగానే సత్తెమ్మ సుబ్బలక్ష్మి మీద తిరగబడింది. "మొగడు నీకే, మందు నీకే! నాకొక్క గోలి దొరుకుతుంటే నీ కండ్లు మండినయా?"

"నువ్వు బతకాలనే చెప్పాను, సత్తెమ్మా."

"నీ అయ్య సొమ్మా, నా బతుకు?"

బస్సులో ఆఖరి సీటులో ఒక్కతే కూర్చుంది. ముందు వరసలో చలపతిరావు భుజం, దాని మీద సుబ్బలక్ష్మి తల. చూడకూడదనుకుంటూనే చూసింది. ఎడమ కాలు లాగుతుంటే చేత్తో ఒత్తుకుంది. వాచింది కుడి కాలో ఎడమ కాలో రాజయ్యనడిగినా చెప్పలేడు. ఒక్కసారి విన్నందుకే ఈమె గుర్తుపెట్టుకుంది. ఆ సంగతి తట్టాక కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. కొండాపూర్‌లో వాళ్లు దిగుతుంటే పిలుద్దామనుకుంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తరవాతి మూడు నెలలూ అదే బస్సు, అదే ఆఖరి సీటు. పలకరించనే లేదు.

దసరా వెళ్లిన వారానికి చలపతిరావు మొక్కల దగ్గరికి నడిచి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. సుబ్బలక్ష్మి పోయి పదిహేను రోజులైందన్నాడు. జబ్బు మాత్రలు మొదలుపెట్టకముందే వెన్నుకు పాకిందట, మాత్రలకు లొంగలేదట.

"మీకోసం కుడుతూ ఉండేదండి. రవికెలో కుడివైపు ఖాళీ తెలియకుండా పెట్టుకోవడానికి," అని ఒక కాగితం పొట్లం చేతికిచ్చి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

సత్తెమ్మ బిందె దించి పొట్లం విప్పింది. అరచేతిలో ఇమిడే తెల్ల మల్లుగుడ్డ సంచి, బరువు కోసం లోపల ఆవాలు. చుట్టూ చీమలబారులా సన్నని కుట్టు, చివర రెండంగుళాల మేర మాత్రం కుట్టు లేదు, అక్కడ దారంతో సహా సూది గుచ్చి ఉంది.