అలలు అరగదీసిన గాజుపెంకు

నేనొక గాజుపెంకును. బొటనవేలి గోరంత ఉంటాను. అంచులు అరిగి, ఒళ్లంతా మంచు పట్టినట్టు మసకబారింది. నన్ను పట్టుకుంటే ఇప్పుడెవరి వేలూ తెగదు. తెగ్గొట్టే ఓపిక నాకూ లేదు.

ఒకప్పుడు గోలీసోడా బుడ్డిని. కొలిమిలో కరిగి, ఆకుపచ్చగా ఉబ్బి, మెడలో గోలీ ఇరికించుకుని ఉప్పాడ దగ్గర ఒక పల్లెపాలెంలో సోడాబండి ఎక్కాను. వలలు లాగి వచ్చినవాళ్ల గొంతులు తడిపాను. నేను కుయ్యిమని కూస్తే పిల్లలు నవ్వేవారు. ఒకసారి అమ్మవారి తీర్థంలో రెండు వీధులవాళ్లు ఎందుకో మాటామాటా అనుకున్నారు. చేతికందింది నేను. ఎవరి తలకో తగలాల్సినదాన్ని, గురితప్పి బండరాయికి తగిలాను. మర్నాడు ఆ రెండు వీధులవాళ్లూ ఒకే పడవలో వేటకెళ్లారు. నా ముక్కల్ని మాత్రం కాలితో నీళ్లలోకి తోసేశారు.

తర్వాత చెప్పుకోవడానికేముంది? అల లోపలికి లాగేది, ఇసుక రాసేది, అల మళ్లీ బయటికి విసిరేది. మొదట్లో కోపం వచ్చేది. ఆ తర్వాత నొప్పి, ఆ పైన అలవాటు. నా పదును ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. సముద్రం ఒడ్డును కొరుక్కుంటూ పోయేకొద్దీ గడపలు, పొయ్యిరాళ్లు, ఇంటి మెట్లు కూడా నా పక్కకొచ్చి పడ్డాయి.

తుపాను వెళ్లాక ఊరివాళ్లు ఒడ్డుకొచ్చి, సముద్రం మింగిన ఇళ్లలోంచి కొట్టుకొచ్చే బంగారపు రవ్వల కోసం దువ్వెనలతో ఇసుక దువ్వుతారు. ఆ గుంపుకి దూరంగా కాసులమ్మ ఒక్కతే ఆకుపచ్చ గాజుపెంకులు ఏరుకునేది. ఏరుతూ తనలో తాను గొణుక్కునేది. ఆమె కథంతా అలా విన్నదే.

ఆమె ఇల్లు సముద్రానికి ముందు వరసలో ఉండేది. భర్త దానయ్య కాకినాడలో పడగొట్టిన మేడలోంచి ఒక ఆకుపచ్చ అద్దం తెచ్చి పడమటి కిటికీకి బిగించాడు. మంచాన పడ్డాక, సాయంత్రం ఎండకి ఆ పచ్చటి వెలుగు గుండెల మీద పడితే, "నీళ్లలో ఉన్నట్టుందే" అని నవ్వేవాడట. ఆయన పోయాడు. ఏడాది తిరక్కుండా ఆ అద్దంతో సహా ఇల్లూ సముద్రంలోకి పోయింది. గోడ కూలుతుంటే వెనక వరస నూకరత్నం, "ముందు కట్టుకుని మాకు గాలి రాకుండా చేశారుగా, అనుభవించండి" అంది. కాసులమ్మ ఆమెతో మాట మానేసింది.

సముద్రానికి వరసలు తెలియవు. కొన్నాళ్లకి నూకరత్నం గడపనీ తీసుకుపోయింది. ఇద్దరికీ సర్కారు కట్టించిన ఒకే కాలనీలో ఇళ్లొచ్చాయి. ఒకే కుళాయి దగ్గర ఎదురెదురుగా నిలబడి, మొహాలు తిప్పుకుని నీళ్లు పట్టుకునేవారు.

మొన్నటి తుపాను తర్వాత నూకరత్నం దువ్వెనకి నేను తగిలాను. విసిరేయబోయి ఆగింది. కొంగుతో తుడిచి, దూరంగా వంగి ఉన్న కాసులమ్మ వైపు చూసింది. చాలాసేపు చూసి, అటు నడిచింది.

"వదినా."

కాసులమ్మ తలెత్తలేదు.

"ఇది మీ కిటికీదేమో చూడు."

కాసులమ్మ నన్ను అందుకుని ఎండకెత్తింది. కిటికీ అద్దం చదునుగా ఉంటుంది. నేను బుడ్డి పొట్ట ముక్కని. ఎంత అరిగినా వంపు పోలేదు. ఆమె బొటనవేలు ఆ వంపు మీద ఆగిపోయింది. ఇక విసిరేస్తుంది అనుకున్నాను. మళ్లీ ఆ నీళ్లు, మళ్లీ ఆ ఇసుక. కానీలే అనుకున్నాను.

"ఆరోజు నా నోట ఏం పుట్టిందో గానీ వదినా..." అంటూ నూకరత్నం దువ్వెనలోని ఇసుక దులపసాగింది.

కాసులమ్మ గుప్పిట మూసింది. "మాదే," అంది. "మా కిటికీదే, రత్నం. ఎంతసేపని ఎండలో నిలబడతావు? ఇలా కూర్చో."

ఇద్దరూ తడి ఇసుకలో కూలబడ్డారు. చాలాసేపు ఎవరూ ఏమీ వెతకలేదు.

ఇప్పుడు కాసులమ్మ కాలనీ ఇంట్లో కిటికీ గట్టు మీద ఉంటున్నాను. నాలోంచి పెద్దగా వెలుగేమీ రాదు. మధ్యాహ్నాలు రత్నం వచ్చి ఆకూవక్కా వేసుకుని కూర్చుంటుంది. ఎప్పుడైనా కాసులమ్మ నీళ్లు తేవడానికి లోపలికెళ్తే, నన్ను చేతిలోకి తీసుకుని, వంపంతా వేలితో తడిమి, చప్పుడు కాకుండా మళ్లీ అక్కడే పెట్టేస్తుంది.