పాలిష్ మేస్త్రి ప్రొఫైల్

ఎర్ర చుక్క ఉన్న గళ్ళన్నీ నింపితేనే ముందుకు పోనిస్తుందట. పాలిష్ మేస్త్రి మళ్ళీ తన వయసు నింపాడు. ఉద్యోగాల వెబ్‌సైటు దాన్ని మళ్ళీ మింగేసి, ఖాళీ గడిని ముఖాన కొట్టింది. ఏళ్ళ తరబడి పాలిష్ లక్కలో, స్పిరిటులో నాని అతని బొటనవేలు గాజులా నున్నబడింది. ఫోను ఆ వేలిని వేలుగానే ఒప్పుకోదు. అందుకని చిటికెనవేలితో, కోడిపిల్ల గింజలేరినట్టు పొడుస్తాడు.

'వృత్తి' కింద పాలిష్ పని లేదు. గోళ్ళకు రంగులేసేవాళ్ళున్నారు, కుక్కలకు స్నానం చేయించేవాళ్ళున్నారు. పళ్ళు నూరుతూ 'ఇతరములు' నొక్కాడు.

"పొద్దున్నే మొదలెట్టారా," అంది భార్య కుట్టుమిషను దగ్గర్నుంచి. "మన పెళ్ళప్పుడు మా నాన్న కూడా మిమ్మల్ని ఇన్ని అడగలేదు."

"మీ నాన్న మనిషి. ఇదొక దరిద్రం."

"మరెందుకు దాని కాళ్ళు పట్టుకోవడం?"

ఎందుకో ఆమెకూ తెలుసు. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడామె పక్కింటావిడను పిలుస్తోంది. కుట్టడం ఆపకపోతే ఉన్న చూపూ పోతుందన్నాడు డాక్టరు. అతనికి పని దొరికితే తప్ప ఆ మిషను ఆగదు. వర్క్‌షాపులోకి రంగు చిమ్మే యంత్రం రావడం, అతను పని పోగొట్టుకుని ఇంటికి రావడం ఒకేరోజు జరిగాయి.

వెబ్‌సైటు ఫోటో అడిగింది. పనిచ్చేవాడు చూసేది పనితనమే కదా అని, తను మెరుగుపెట్టిన టేకు తలుపు ఫోటో పెట్టాడు. 'ముఖం కనబడలేదు' అంది.

"నా మొహం చూసి ఎవడిస్తాడే పని?"

"అదీ నిజమే," అంటూ ఆమె లేచి వచ్చింది. అతని జుట్టు చేత్తో సవరించి, ఫోను కళ్ళకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని ఫోటో తీసింది. అందులో ఒక చెవి పడింది, మిగతాదంతా గోడ. వెబ్‌సైటు మారు మాట్లాడకుండా తీసుకుంది.

కాసేపటికి ఎవరో అమ్మాయి ఫోను చేసింది. "మీ ప్రొఫైల్ చాలా బాగుంది సార్. కొంచెం ఫీజు కడితే అందరికంటే పైన పెడతాం."

"నేనేం పని చేస్తానమ్మా?"

అటు కీబోర్డు టకటకలాడింది. "ఇతరములు, సార్."

అతను ఫోను కట్టేసి బూతు మాట ఒకటి నమిలి మింగాడు. అప్పుడే కనబడింది ప్రకటన: ఫర్నిచర్ పాలిష్‌కు మనిషి అత్యవసరంగా కావాలి, నేరుగా రండి. సామాను డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ అతని చంకలో డబ్బా చూసి నిట్టూర్చాడు.

"ఆ ప్రకటన చూసే వచ్చావా అన్నా? లోపలంతా మిషన్లే. ఆ ప్రకటన తీసేద్దామంటే, పాస్‌వర్డ్ తెలిసినాయన మానేసి పోయాడంట."

"మనుషుల్ని ఇట్లా తిప్పుతారా? వీళ్ళ చేతులు పడిపోను."

"తిట్టు, నేను కూడా రోజూ తిడుతూనే ఉంటా. ముందు కూర్చో. నీళ్ళు తాగు."

తన కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు. అంత దూరం వచ్చినందుకు మేస్త్రికి దక్కిన మర్యాద అదొక్కటే. చెక్క కుర్చీ. ఎందరెందరి చెమటో పట్టి దాని చేతులు బూడిదరంగుకు తిరిగాయి. నీళ్ళు తాగుతూనే మేస్త్రి వేళ్ళు ఆ చెక్క మీద తిరిగాయి. లేచాడు, డబ్బా తెరిచాడు. గరుకు కాగితంతో రుద్ది, దూది కుక్కిన గుడ్డ ఉండను లక్కలో తడిపి చెక్క మీద చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు పూయసాగాడు. కుర్చీ కుడిచేతి చెక్కలోంచి ఎర్రటి చారలు ఒక్కొక్కటీ పైకి తేలాయి.

ఆపి ఎడమ భుజం నొక్కుకున్నాడు. "లాగుతోంది. రెండోవైపు రేపు చేస్తా. డబ్బా ఇక్కడే ఉండనీ."

"రేపెందుకన్నా అంత దూరం? పని లేదని చెప్పాగా."

"ఉంది కదా, సగం."

రోడ్డు దాటి బస్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. అది అతనిది కాదేమో అనుకున్నాడు వాచ్‌మన్. ఇంకోటి వచ్చింది. కండక్టరు పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. మేస్త్రి గోడకు తల ఆనించి అలాగే ఉన్నాడు. వాచ్‌మన్ గేటు వదిలేసి పరుగెత్తాడు.

అంబులెన్సు వాళ్ళు మేస్త్రి ముఖం మీద గుడ్డ కప్పి తీసుకెళ్ళాక, అతని ఫోనులోంచి భార్యకు కబురు చెప్పడం కూడా అయ్యాక, వాచ్‌మన్ గేటు దగ్గరకు తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం కూర్చోలేదు. కుర్చీ కుడిచేతి మీద పూత ఇంకా పచ్చిగానే ఉంది.