సెప్టెంబరులో ఉన్నికోటు

సెప్టెంబరు ఎండ మాడ్చేస్తుంటే లియోటా మోకాళ్ళ దాకా ఉన్నికోటు తగిలించుకుని ఏసా తుపాకుల కొట్లోకి వచ్చింది.

ముందే వచ్చి బల్లకానుకుని ఉన్న ఆమె అన్న డెంజిల్ పకపకా నవ్వాడు. "ఏమే, మీ లోయలో అప్పుడే మంచు పడుతోందా?"

"పడుతుందిగా, నవంబరులో," అంది లియోటా.

ఆమెకు యాభై మూడేళ్ళు. కొండ మీద గొర్రెలు పెంచుతుంది, ఊరివాళ్ళ బట్టలు కుడుతుంది. మొగుడు క్లేటన్ బతికున్నన్నాళ్ళూ తుపాకి పట్టే పని ఆమెకు పడలేదు. ఏప్రిల్లో ఆయన పోయాడు. ఆగస్టులో కొయోటీ నక్కలు రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. మరుసటి వారం పట్టపగలే ఎవడో పెరటి తలుపు తీయబోయి, కుక్క మీద పడితే పారిపోయాడు. షెరీఫ్‌కి ఫోను చేస్తే మనిషి రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

అప్పట్నుంచి డెంజిల్ ఒకటే పోరు. గొర్రెల్ని అమ్మేసి టౌనులో తమ వెనకగదికి వచ్చెయ్యమని. లియోటా కదలనంది. ఆఖరికి ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు. ఆమె తనకు తగ్గ తుపాకి ఎంచుకుని, అతని కళ్ళముందు గురి తగిలిస్తే ఉండొచ్చు. తగలకపోతే సామాను సర్దాలి.

డెంజిల్ అరచేతిలో పట్టే పిస్తోలొకటి ముందుకు తోశాడు. "ఆడదానివి, నీకిది చాలు."

"దీంతో దుప్పిని కొట్టొచ్చా?"

"నీకు దుప్పెందుకే?"

"చలికాలమంతా తినేది అదేగా. క్లేటన్ పోతే నా ఆకలి కూడా పోయిందా?"

కొట్టు ఏసాది. డెబ్బై దాటినవాడు. మీసంలోనే నవ్వుకున్నాడు.

"అయితే క్లేటన్ తుపాకి ఉందిగా. ఇంకోటెందుకు?" అన్నాడు డెంజిల్.

"ఆయన ఆరడుగుల మనిషి అన్నయ్యా. ఆయన పాంటు తొడుక్కుని తిరగమంటావా?"

ఏసా మూడు పొడుగు తుపాకులు దించాడు. ఒక్కోదాన్నీ తెరిచి, లోపల వేలు పెట్టి, ఖాళీ అని చూపించి ఇచ్చాడు. లియోటా కూడా వేలు పెట్టి చూసుకుంది. అది ఆయనకు నచ్చింది.

"కళ్ళు మూసుకో అమ్మాయ్. భుజానికెత్తి చెంప ఆనించు. ఇప్పుడు తెరువు. గొట్టం కొసన ఇత్తడి పూస కనపడాలి."

మొదటిదాని మడమ, అంటే భుజానికి ఆనే చెక్క, సగంలోనే కోటు చంకలో ఇరుక్కుంది. రెండోది పైకి లేచింది కానీ, కళ్ళు తెరిస్తే తుపాకి ఇనప వీపు తప్ప పూస కనపడలేదు. మూడోది ఇరవై బోరు, సన్న గొట్టంది, మడమ పొట్టి. గుడ్డకు తగలకుండా వచ్చి భుజాన కూర్చుంది. కళ్ళు తెరిచింది. పూస సూటిగా ఎదురుగానే ఉంది.

"అది పదేళ్ళ పిల్లలకు కొనిచ్చేదే!" అన్నాడు డెంజిల్.

"పొట్టి చేతులవాళ్ళకు," అన్నాడు ఏసా. "నువ్వు నీది జూలైలో బనీను మీద కొన్నావు. పోయిన నవంబరులో ఎనిమిది కొనల కొమ్ములున్న దుప్పి ఎదురుగా నిలబడితే ఏమైంది? తుపాకి కోటులో ఇరుక్కుంది. అది నిన్ను తనివితీరా చూసి వెళ్ళిపోయింది."

డెంజిల్ చెవులు ఎర్రబడ్డాయి.

"దీనికి రెండు గొట్టాలు," అన్నాడు ఏసా. "పొట్టిది ఇంటికి, నక్కలకి. పొడుగుదానిలో ఒంటి గుండు పడుతుంది, అది దుప్పికి. మార్చడమంటావా, నీ కుట్టుమిషన్లో సూది మార్చినంత పని."

"ఇదే," అంది లియోటా.

సర్కారు కాగితం నింపి, ఫోనులో సర్కారువాళ్ళచేత సరేననిపించుకుని, ముగ్గురూ కొట్టు వెనక గురి చూసుకునే మట్టికట్ట దగ్గరికి నడిచారు. ఏసా పొడుగు గొట్టం బిగించి ఇచ్చి, యాభై అంగల దూరాన కాగితం పళ్ళెం గుచ్చి వచ్చాడు.

మొదటి గుండుకు పళ్ళెం కదల్లేదు. పక్కన మట్టి లేచింది.

"సామాను సర్దుకో," అన్నాడు డెంజిల్.

"మీట గుంజావు," అన్నాడు ఏసా. "నొక్కు. గుంజకు."

లియోటా ఊపిరి సగం వదిలింది. మిషన్ తొక్కుడుపలక మీద కాలు మెల్లగా ఆనించినట్టు వేలు ఆనించింది. పళ్ళెం అంచు తెగింది. గొట్టం కింది పిడి వెనక్కి లాగి ముందుకు తోసి మళ్ళీ పేల్చింది. నడిమధ్య చిల్లి పడింది. ఆపలేదు. ఇంకోటి పేల్చింది. అది ఆ నడిమి చిల్లికి రెండు వేళ్ళ ఎడంలో పడింది.

డెంజిల్ పళ్ళెం దాకా వెళ్ళి చిల్లుల్లో వేలు పెట్టి చూసి, తల గోక్కుంటూ వచ్చాడు.

"అట్టపెట్టెలు కూడా తెచ్చానే. నీ సామానుకని. ట్రక్కునిండా ఉన్నాయి."

"నా బండిలోకి మార్చు," అంది తుపాకి ఖాళీ చేస్తూ. "చలికాలం పొయ్యి రాజేసుకోడానికి పనికొస్తాయి."