రొట్టె బిళ్ళ మినహా

నవంబరు పదకొండు, బుధవారం, ఉదయం. తండ్రి గదిలో ఉన్నది ముగ్గురు: అక్క, తమ్ముడు, పాత నాణేలు కొనే పెద్దమనిషి. బల్లమీద చెక్కపళ్ళెం నిండా కాలం చేసిన తండ్రి కూడబెట్టిన బిళ్ళలు. యుద్ధకాలంలో చిల్లర కరువైనప్పుడు, దుకాణదారులు తమ గుర్తు కొట్టించి నాణేలకు బదులుగా ఇచ్చినవవి.

వాటిలో ఒకటి నాయనమ్మది. రొట్టెల దుకాణం నడిపిన ఆ మహాతల్లి, పగిలిన ఇత్తడి పళ్ళేన్ని కత్తిరించి, మేకుతో రొట్టె బొమ్మ పొడిచి, స్వయంగా చేసుకున్న బిళ్ళ. అదొక్కటీ ఉంచమని అక్క వారంగా బతిమాలుతోంది. కొనేవారు మొత్తంగా ఇస్తేనే బేరమన్నారని, ఈ సొమ్ము అందకపోతే తన ముద్రణాలయం మూతపడుతుందని తమ్ముడు ససేమిరా అన్నాడు. అందుకే తెల్లవారగానే ఆమె నిమ్మచెక్కతో, ఉప్పుతో దాన్ని తళతళలాడేలా తోమింది. పాతదనపు నలుపు పోయిన బిళ్ళను తెలిసినవాడెవడూ ముట్టడని చిన్నప్పుడు తండ్రే చెప్పాడు.

పెద్దమనిషి భూతద్దంలోంచి చూస్తూ చూస్తూ రొట్టె బిళ్ళ దగ్గర ఆగాడు.

"దీన్నెవరో తోమారు."

మెరిస్తే మంచిదే కదా అన్నాడు తమ్ముడు.

"ముసలాడి జుట్టుకి రంగేస్తే కుర్రాడైపోతాడా బాబూ?"

ఆయన బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆమె చేతులు వెనక్కిపోయాయి. ఒకటి తోమిన చెయ్యి మిగతావాటిని వదిలిందని నమ్మకమేమిటంటూ ఆయన పళ్ళెం మొత్తం అవతలికి నెట్టాడు. తమ్ముడి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఇంతదూరం ఆమె ఆలోచించలేదు.

"మిగతావి ముట్టుకోలేదండీ. అదొక్కటే. పొద్దున నేనే తోమాను."

"ఎందుకమ్మా?"

"మీరు వద్దనాలని."

పెద్దమనిషి ఆమె వేళ్ళవైపు చూశాడు. పళ్ళెం దగ్గరకు లాక్కుని, ఒక్కొక్క బిళ్ళనూ అంచులు పట్టి, వెలుతురుకు తిప్పి, మళ్ళీ మొదటినుంచీ పరీక్షించాడు. ఆఖరిది దించాక, అనుకున్న ధరకే ఒప్పందం రాయమన్నాడు. రొట్టె బిళ్ళ మినహా.

తమ్ముడు కలం తీశాడు.

"నా కొంప ముంచేదానివే అక్కా. ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"వారం రోజులు చెప్పాను కదరా."

అతను సంతకం చేసి కలం ఆమెకిచ్చాడు. ఆమె, తరువాత పెద్దమనిషి సంతకాలు పెట్టారు. తమ్ముడు తమ వంతు ప్రతిని నాలుగు మడతలు పెట్టి, తండ్రి బల్ల సొరుగులో ఉంచి, తాళం వేశాడు.