కట్ట నడిమి ట్యూబు

డయాలసిస్ ట్యూబులకు లోపలా బయటా పూత వేయడం మా పని. ఆ పూతలోని ప్రతి అణువుకూ ప్లస్సూ మైనస్సూ రెండు ఛార్జులూ ఉండాలి. అప్పుడే అది నీటిని గట్టిగా పట్టుకుని, రక్తాన్ని అంటుకుని గడ్డకట్టనివ్వదు. పూసినప్పుడు దానికి ఉండేది ప్లస్సు ఒక్కటే. క్షారం నీళ్ళలో పన్నెండు గంటలు నానితే గానీ మైనస్సు బయటపడదు.

నానాక ఒక ముక్క కోసి నీలం రంగులో ముంచి కడుగుతాం. రంగు వదిలిపోతే పాస్. అంటుకుని ఉంటే మైనస్సు ఇంకా రాలేదన్నమాట. ఆ ముక్క కోసేది నేనే. పదకొండేళ్ళలో ఒక్క ట్యూబూ వెనక్కి రాలేదని నాకు కాస్త పొగరు కూడా.

మా మేస్త్రీకి శుభ్రం పిచ్చి. ట్యూబులు తొట్టిలో చిందరవందరగా తేలుతుంటే ఒళ్ళు మండిపోతుంది. ఆయన పోరు పడలేక నలభై ట్యూబుల చొప్పున బిగించి కట్టలు కట్టడం మొదలుపెట్టాం. ముక్క మాత్రం ఎప్పటిలాగే చేతికందిన పై ట్యూబు నుంచే కోసి, దాన్ని పారేసి, మిగతా ముప్పై తొమ్మిదీ పాస్ చేశాను.

కిడ్నీలు పాడైన మా బావకు మెడలో ట్యూబు వేస్తామన్నారు. మొదటి కట్ట నడిమి నుంచి ఒకటి ఏరి నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. "మా చెల్లి చేతి ట్యూబు" అని అక్క నర్సుకు గొప్పగా చెప్పుకుంది.

బావకు ట్యూబు వేసిన ఆరో రోజు రెండో కట్ట విప్పుతుంటే నడిమి ట్యూబు ఒకటి తెగింది. పారేసేముందు ఎందుకో రంగులో ముంచాను. ఎంత కడిగినా నీలం పోలేదు. దాని పక్కదీ అంతే. బిగించిన కట్ట లోపలికి క్షారం నీళ్ళు వెళ్ళనే లేదు.

మేస్త్రీ అది చూసి తలుపు మూశాడు. "నోరు మెదపకు. బయటపడితే ఇద్దరం రోడ్డున పడతాం."

నేను ఆసుపత్రికి పరిగెత్తాను. బావ మంచం ఖాళీగా ఉంది. ట్యూబులో కట్టిన రక్తం గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందట. ప్రాణం పోయి అరగంటైందట.

అక్క నన్ను వాటేసుకుని ఏడ్చింది. "నువ్వు ఏరి మరీ తెచ్చావు కదే. అయినా ఆయన దక్కలేదు."

ఆ మాట వినేకంటే చచ్చిపోయినా బాగుండుననిపించింది. ఊరుకుంటే అక్క నాకు మిగులుతుంది. కానీ ఆ కట్టలోవి ఇంకా ముప్పై ఎనిమిది బయటికి వెళ్ళాయి.

"అక్కా, ఆ ట్యూబే పాడైంది. సరిగ్గా చూడకుండా పాస్ చేసింది నేనే. దాంతో పాటు నానినవి ఇంకో ముప్పై ఎనిమిది బయట ఉన్నాయి."

అక్క చేతులు నా భుజాల మీంచి జారిపోయాయి. తర్వాత నర్సు బల్ల మీది ఫోను చూపించింది.

"ముందు ఆ ముప్పై ఎనిమిది మందికీ చెప్పు. ఆ తర్వాత నాకు నీ మొహం చూపించకు."