మగచెయ్యి పడని సర్వీసు

ముందే మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై దగ్గరపడ్డాక, అదీ డ్రైవింగ్ పరీక్ష కోసం. అందుకని ఇందులో తప్పులు దొర్లి ఉంటాయి. ఈ నాలుగు కాగితాలు రాయడం ఉల్లినారు నాటిన రోజుల్లో మొదలుపెట్టాను. ఇప్పుడు ఉల్లిపాయలు పీకి, ఎండబెట్టి, జడలల్లి వేలాడదీశాం. సర్దుకుని చదవండి.

మా ఆయన జెనూన్ పోయాక ఇంట్లో మిగిలింది నేను, రెండు ఆవులు, ఒక ముసలి జర్మన్ డీజిల్ కారు. ఆవుల ఊసు ఎవరూ ఎత్తలేదు. కారు ఊసు మాత్రం చావు భోజనాలు ముగియకముందే మా మరిది బినాక్ ఎత్తాడు. మా కొండల్లో మగవాడు పోతే అతని తుపాకీ తమ్ముడికి వెళ్ళేది. ఇప్పుడు తుపాకులు తగ్గి కార్లు పెరిగాయి కనుక లెక్కప్రకారం కారు తనదేనన్నాడు. నేను నేర్చుకుని నడుపుకుంటానంటే నవ్వి ఊరుకున్నాడు, ఎలాగూ పరీక్ష తప్పుతానని. ఒకసారి తప్పాను కూడా. రెండోసారి తప్పలేదు.

మా పై ఊరికి బస్సు రావడం ఎప్పుడో మానేసింది. కింద పేయా బజారుకు జున్ను తీసుకెళ్ళాలన్నా, చెల్లెలిని చూసి రావాలన్నా నాకు ఆ కారే కాళ్ళు. అయితే సర్వీసు చేయించుకొస్తానని బినాక్ తీసుకెళ్ళేవాడు. ఆయిల్ మార్చడానికి మూడు వారాలు పట్టేది. ఆ మూడు వారాలూ అందులో వాళ్ళ అత్తగారు, బావమరుదులు, ఒకసారి ఒక దూడ కూడా తిరిగారని ఊరంతా చెప్పింది. దూడ ఎక్కిన సంగతి ఊరు చెప్పకపోయినా సీటు చెప్పేది.

ఈసారి తాళం ఇవ్వనన్నాను. ఆయిల్ నేనే మార్చుకుంటానన్నాను. బినాక్ టోపీ వెనక్కి నెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"సరే వదినా. మగచెయ్యి పడకుండా సర్వీసంతా నువ్వే చేసి చూపించు. ఇక జన్మలో ఆ కారు మాటెత్తను. ఎవడి చెయ్యి పడినా సరే, ఆదివారం సాయంత్రం నేను దాన్నెక్కి ఇంటికెళ్తాను."

రమ్మన్నాను. చూడటానికి మంచి కుర్చీ కూడా వేస్తానన్నాను.

నా ధైర్యం ఎక్కడిదంటే, ఇరవై ఏళ్ళు జెనూన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ పక్కన టార్చి పట్టుకున్నది నేనే. ఒక్కసారి కూడా స్పానరు చేతికివ్వలేదు. కానీ ఏ బోల్టు ఎటు తిరుగుతుందో, ఏ బోల్టుకు ఏ తిట్టు తిట్టాలో అన్నీ నాకు కంఠస్థం.

ఆదివారం పొద్దున్నే వీధి చివరిదాకా నడిపి ఇంజను వేడెక్కించాను, ఆయిల్ పలచబడి బాగా కారుతుందని. ముందు చక్రాలను ఓక్ దిమ్మల మీదికెక్కించి, హ్యాండ్‌బ్రేకు లాగి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాను. బానెట్ ఎత్తాను.

అక్కడే వచ్చింది చిక్కు. మా వైపు ఎత్తిన బానెట్ కనిపిస్తే దారిన పోయే మగవాడెవడూ ఆగకుండా పోలేడు. ముందు పక్కింటి సద్రి వచ్చాడు. పలకరించేలోపే నా స్పానరు అతని చేతిలో ఉంది. వెనకాలే కర్ర తాటించుకుంటూ ఊరిపెద్ద రుస్తెమ్ బాబాయి వచ్చాడు. ఆ తర్వాత తెల్లటి కొత్త చొక్కా తొడుక్కుని బినాక్. సద్రి చేతిలో స్పానరు చూసి మరిది ముఖం వెలిగిపోయింది.

పొమ్మని అనకూడదు. గడప దాటి లోపలికొచ్చినవాణ్ణి పొమ్మన్న ఇల్లు మా కొండల్లో లేదు. కానీ అతిథి చేత పని చేయించిన ఇల్లు కూడా లేదు. అది గుర్తొచ్చింది నాకు.

"సద్రీ, అది కింద పెట్టు నాయనా. ఇంటికొచ్చిన చుట్టంచేత చాకిరీ చేయించుకుందని రేపు నన్ను నలుగురూ అనాలా?"

సద్రి స్పానరును నిప్పుకణికలా వదిలేశాడు. వాల్‌నట్ చెట్టు నీడలో చాప పరిచాను, దిండ్లు వేశాను, టీ పెట్టాను. కూర్చున్నాక ఇక వాళ్ళు అతిథులు. చక్కెర డబ్బా జరుపుకోవడానికి కూడా లేవకూడదు. ముగ్గురు మగవాళ్ళను కట్టేయడానికి ఇంతకన్నా మంచి తాడు ఎవరూ పేనలేదు.

కష్టం నాకే. గ్లాసు ఖాళీ అయితే నింపాలి. కారు కింద దూరి ఆయిల్ వదిలే అడుగు బోల్టు వదులు చేయడం, బయటికొచ్చి గ్లవుజులు తీసి టీ పోయడం, మళ్ళీ దూరడం. నల్లటి ఆయిల్ పళ్ళెంలోకి కారుతున్నంతసేపూ సలహాలు మాత్రం చాప మీదినుంచి పడుతూనే ఉన్నాయి. అటు కాదు ఇటు తిప్పమని సద్రి, ఇటు కాదు అటు అని బాబాయి. బినాక్ ఒక్కడే మాట్లాడలేదు. పొరపాటున తన మాట నాకు పనికొస్తుందేమోనని భయం.

పాత ఫిల్టరు తీసి కొత్తది పెట్టాను. దాని రబ్బరు రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాశాను. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీళ్ళు వదిలాను. గాలి ఫిల్టరు పెట్టెలో ఎలుక దాచుకున్న వాల్‌నట్లు దొరికితే సద్రి, ఇప్పుడు తెలిసింది ఈ కారుకు అంత బలం ఎక్కడిదో, అన్నాడు. వాళ్ళు ఎవరి కారు తక్కువ తాగుతుందో వాదించుకుంటుండగా కిందికి దూరి అడుగు బోల్టు బిగించి వచ్చాను. తర్వాత గరాటు పెట్టి కొత్త ఆయిల్ డబ్బా ఎత్తాను.

అప్పుడే బినాక్ చూపు గోడ మీద పరిచిన గుడ్డ మీద పడింది. గుడ్డ మీద అడుగు బోల్టు ఉంది.

నేను పోస్తున్నాను. తేనెరంగు ఆయిల్ సన్నగా దిగుతోంది. ఓరకంట చూస్తే మరిది టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. నోరు తెరిచాడు, మూశాడు. నోరు విప్పకపోతే సాయంత్రానికి కారు తనదే. నేను డబ్బా ఇంకాస్త వంచాను.

గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. బినాక్ చాప మీదినుంచి ఒక్క దూకు దూకి, కొత్త చొక్కాతో సహా కారు కిందికి దూరిపోయాడు. పళ్ళెంలో చెయ్యి పడిన చప్పుడు వినిపించింది.

"బిగించే ఉంది," అన్నాడు కారు కిందనుంచి, చిన్న గొంతుతో.

ఉండక ఏం చేస్తుంది. గుడ్డ మీదున్న పాత బోల్టు తల జెనూన్ పట్టకారు పెట్టి పెట్టి గుండ్రంగా అరగదీశాడు. అందుకే పేయాలో కొత్త బోల్టు, రాగి వాషరు కొని తెచ్చి అవి వేశాను.

సద్రి నవ్వు ఆపుకోలేక దిండులో ముఖం దాచుకున్నాడు. అంతలోనే తలెత్తి నాలుక కరుచుకున్నాడు. మగచెయ్యి పడిపోయింది కదా, మరి కారు బినాక్‌దే అయినట్టా అని అడిగాడు. నా చేతిలో డబ్బా బరువెక్కింది. నిజమే. మాటంటే మాటే మా దగ్గర.

మరిది బయటికి పాకి వచ్చి నిలబడ్డాడు. మోచేతి దాకా నలుపు, చొక్కా ముందంతా నలుపు. రుస్తెమ్ బాబాయి కర్ర మీద గడ్డం ఆనించి అతని వైపు చూశాడు.

"చెప్పరా బినాక్. లోపల నీ చెయ్యి ఏం చేసింది?"

బోల్టు బిగించిందంటే చాలు, కారు అతనిదైపోయేది. అక్కడ కాదనేవాళ్ళు లేరు. బినాక్ నన్ను చూశాడు, కారును చూశాడు, చొక్కాను చూసుకున్నాడు.

"ఏం చెయ్యలేదు బాబాయ్. నాకు చెయ్యడానికి వదిన ఏం మిగల్చలేదు." నావైపు తిరిగాడు. "బోల్టు లేకుండా స్టార్ట్ చేస్తావేమో అనుకున్నా. అన్న ఆ ఇంజనును ఎట్లా చూసుకునేవాడో నీకు తెలుసుగా."

తెలుసన్నాను. మిగతా ఆయిల్ పోశాను. స్టార్ట్ చేస్తే ఆయిల్ ఎర్రదీపం వెలిగి ఆరిపోయింది. కారును దిమ్మల మీదినుంచి దించి, ఇంజను ఆపి, కాసేపు ఆగి కడ్డీ తీసి చూస్తే ఆయిల్ రెండు గీతల మధ్య ఉంది, కింద ఒక్క చుక్క లేదు. ఇంత కొత్త ఆయిల్ అప్పుడే నల్లబడిందేమిటని పెట్రోలు కారున్న సద్రి అనుమానపడ్డాడు. డీజిల్ అంతేరా, నీ బుర్రలాగా తెల్లగా ఉండదు అని బినాక్ కసిరాడు. నా తరఫున మరిది మాట్లాడటం అదే మొదలు.

ఆ చొక్కా మరక మూడు సార్లు ఉతికినా వదల్లేదు. జెనూన్ స్వెట్టరు ఒకటిచ్చి పంపాను.

శనివారం పొద్దున జున్ను డబ్బాలతో దిగుతుంటే బినాక్ మలుపులో నిలబడి చెయ్యెత్తాడు. అతని కారు వర్క్‌షాపులో ఉందట, ఆయిల్ మార్చడానికి. ఎప్పుడిస్తారో చెప్పలేదట. పేయా దాకా రానా వదినా అని అడిగాడు. ముందు సీట్లో జున్ను ఉంది, వెనక కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు గాని, కారు మాట మాత్రం ఎత్తలేదు.

ఇట్లు,
ఫెతీయె, అరవై ఆరేళ్ళు,
రుగోవా కొండల్లో, పేయా పైన పై ఊళ్ళో ఉంటున్నాను.