బావ పెట్టిన దండం

మా బావ రామమోహన్ ఏ సలహా ఇచ్చినా ముందు అందులో మెలిక ఎక్కడుందో వెతుక్కోవాలి. మా ఉమక్కతో తన పెళ్లిలో "మా ఇంటి ఆచారం" అని నమ్మించి, భోజనాలయ్యేదాకా నన్ను గొడుగు పట్టుకుని నిలబెట్టిన మనిషి.

2011 ఫిబ్రవరిలో, అమెరికాలో మేముండే నోవై నుంచి కొలరాడో వెళ్లాం, కొండల మీద స్నోమొబైల్ అనే మంచుబండి నడపడానికి, ఇద్దరమే. ఆ ఉదయం కూడా బండ్లు అద్దెకిచ్చే షాపులో, శాండ్‌విచ్‌లోని ఉల్లిపాయ ముక్క రుద్దితే హెల్మెట్ అద్దం మసకబారదన్నాడు. రుద్దాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే సగం కొండ ఎక్కాను.

అందుకే పెద్ద వాలు కింద ఆగి చెప్పినదీ నమ్మలేదు.

"స్లోప్ మీద ఒకళ్లే ఉండాలి బామ్మర్దీ. నేను పైకెళ్లి పక్కకి తప్పుకున్నాకే నువ్వు స్టార్ట్ చెయ్యి. నిన్నంతా స్నో పడింది, బరువెక్కువైతే మొత్తం జారిపోతుంది. నేను స్టక్ అయినా సరే, రావద్దు."

ఇందులో ఏదో ఉంది అనుకున్నాను.

సగం దూరంలో బావ బండి మంచులో కూరుకుపోయింది. దిగి లాగాడు, కదల్లేదు. రావద్దని నాకు చేతులూపాడు. మెలిక దొరికింది! నేనిక్కడే ఉండిపోతే "నేను చస్తుంటే నీ తమ్ముడు చోద్యం చూశాడు" అని అక్కకి చెప్పి జన్మంతా దెప్పుతాడు. అసలు ఇరుక్కోవడమే నాటకమేమో. ఇంజన్ స్టార్ట్ చేసి వాలు మీదికి ఎక్కించాను.

"రాకు ఫణీ!" అని అరిచాడు. నవ్వుకున్నాను.

అప్పుడు బావ గ్లవ్స్ పీకి పారేసి, రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టాడు.

ఒళ్లు జల్లుమంది. పెద్దవాళ్లు దండం పెడితే చిన్నవాళ్లకి ఆయుక్షీణమంటారు మా ఇళ్లల్లో. ఎంత వేళాకోళమాడినా బావ దాని జోలికి పోడు. బండి తిప్పి పక్కనున్న చెట్లలోకి పోనిచ్చాను.

వెనక గోడ కూలినట్టు చప్పుడైంది. వాలు పగిలి మొత్తం కిందికొచ్చేసింది. నా బండి వెనక్కి తిరిగిన జాడలు కూడా మిగల్లేదు. బావా లేడు.

మంచు ఆగగానే పరుగెత్తాను. దిగువన గ్లవ్ లేని చెయ్యి ఒకటి బయటికుంది. వీపున కట్టుకున్న పార తీసి తవ్వుతుంటే అర్థమైంది. అది జారుతుందని తెలిసీ, దాని మీదే నిలబడి, తన దారి తను చూసుకోకుండా నన్ను ఆపాడు. నా మీద నాకే అసహ్యమేసింది.

మొహం బయటపడింది. దగ్గి, ఊపిరి పీల్చి, నన్ను గుర్తుపట్టాడు.

"మళ్లీ ఎందుకొచ్చావురా? రావద్దన్నానుగా!"

ఒళ్లు మండిపోయింది. ఆ తలకాయ ఒళ్లో పెట్టుకుని బావురుమన్నాను.